చిన్న బిల్డర్ దగ్గర మల్టీచానెల్ యాంప్లిఫైయర్ కొనాలంటే: పవర్ లెక్క నుంచి మొదటి స్విచ్ దాకా

ఒక్కో స్పీకరూ చేరుతూ సరౌండ్ సిస్టమ్ పెరిగేకొద్దీ, రిసీవర్‌లో ఉన్న యాంప్లిఫైయర్ చాలదనిపించే రోజు వస్తుంది. ముందు స్పీకర్లు ఎక్కువ కరెంటు లాగే నాలుగు ఓములవి అయ్యుండొచ్చు. లేదా 7.1.4 ఏర్పాటుకు (చుట్టూ ఏడు స్పీకర్లు, సొంత యాంప్ ఉండే సబ్‌వూఫర్ ఒకటి, పైన నాలుగు) పదకొండు ఛానెళ్ళు కావాల్సి ఉంటే రిసీవర్ తొమ్మిదింటితో ఆగిపోవచ్చు. అప్పుడు పెద్ద కంపెనీల మల్టీచానెల్ పవర్ యాంప్‌లు చూస్తాం, ధర చూసి వెనక్కి తగ్గుతాం. ఆ వెతుకులాటలోనే ఒకరిద్దరు మనుషులతో నడిచే వర్క్‌షాపులు కనబడతాయి. వాట్లు అవే, కొలతలు ఇంకా మెరుగు, ధర బాగా తక్కువ. నమ్మొచ్చా అన్నదే ప్రశ్న.

నమ్మొచ్చు, కానీ వాళ్ళు మీకు ఏం అమ్ముతున్నారో తెలిసి ఉండాలి. ఇప్పుడు ఇలాంటి బిల్డర్లలో ఎక్కువమంది యాంప్లిఫైయర్ సర్క్యూట్‌ను సొంతంగా డిజైన్ చేయరు. హైపెక్స్, ప్యూరిఫై, ఐస్‌పవర్ లాంటి కంపెనీల నుంచి క్లాస్ డి (ట్రాన్సిస్టర్లను స్విచ్‌లలా నడిపి తక్కువ వేడితో పనిచేసే రకం) మాడ్యూళ్ళు తెచ్చి పెట్టెలో బిగిస్తారు. అందులో తప్పేమీ లేదు. చాలా పేరున్న బ్రాండ్లు చేసేదీ అదే. కాబట్టి డిస్టార్షన్ ఎంత, శబ్దం ఎంత శుభ్రం అన్నవి చాలావరకు మాడ్యూల్ తయారైన చోటే తేలిపోయాయి. బిల్డర్ చేతిలో ఉన్నది మిగతాదంతా: ఎర్తింగ్, వైరింగ్, ఇన్‌పుట్ బోర్డు, గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది), వేడి పోయే దారి, చెడిపోతే బాగుచేసే బాధ్యత. మీరు పరీక్షించాల్సింది దాన్నే.

1. ఎంత పవర్ కావాలో ముందు మీరే లెక్కేసుకోండి

బిల్డర్‌ని అడిగితే పెద్ద మాడ్యూలే మంచిదంటాడు. అది వ్యాపారం. లెక్క మీ దగ్గర ఉంటే అవసరమైనది మాత్రమే కొంటారు.

స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్ అనుకుందాం. అంటే 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్ శబ్దం వస్తుంది. ఎనిమిది ఓముల స్పీకర్‌కు అది ఒక వాటు. మీరు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు 9.5 డెసిబెల్ తగ్గి 78.5 మిగులుతుంది. సినిమా రిఫరెన్స్ స్థాయిలో ఒక్కో మెయిన్ ఛానెల్ గరిష్ఠంగా 105 డెసిబెల్ దాకా వెళ్ళాలి. ఇంట్లో ఆ స్థాయిలో వినేవాళ్ళు తక్కువ, దానికి పది తగ్గిస్తేనే చాలామందికి చెవులు నిండిపోతాయి. అలా 95 లక్ష్యంగా పెట్టుకుంటే ఇంకా కావాల్సింది 16.5 డెసిబెల్. అంటే దాదాపు 45 వాట్లు. రిఫరెన్స్ స్థాయే కావాలంటే సరిగ్గా దానికి పది రెట్లు, 450 వాట్లు. గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని కొంత కలుస్తుంది కాబట్టి నిజానికి దీనికన్నా కొంచెం తక్కువే సరిపోతుంది.

పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెలే. 150 వాట్ల యాంప్ బదులు 250 వాట్లది కొంటే దక్కేది 2.2 డెసిబెల్. దీనికోసం పెద్ద మాడ్యూల్‌కి డబ్బు పోయాలా అన్నది ఇక మీ ఇష్టం. సరౌండ్, సీలింగ్ స్పీకర్లకైతే అస్సలు అక్కర్లేదు. ముందు మూడు ఛానెళ్ళకు పెద్ద మాడ్యూళ్ళు, మిగతా వాటికి చిన్నవి కలిపి ఒకే పెట్టెలో చేసిపెట్టమని అడగొచ్చు. పెద్ద కంపెనీ ఇలాంటి కోరిక వినదు. చిన్న బిల్డర్ దగ్గరికి వెళ్ళడంలో ఉన్న అసలు లాభాల్లో ఇదొకటి.

2. లోపల ఏ మాడ్యూల్ ఉందో పేరుతో సహా తెలుసుకోండి

‘మా సొంత ప్రత్యేక క్లాస్ డి టెక్నాలజీ’ అని మాత్రమే రాసి, మాడ్యూల్ పేరు చెప్పని చోట ఆగి ఆలోచించండి. నిజంగా సొంత డిజైన్ అయితే కొలతల గ్రాఫులు ఉండాలి. రెండూ లేకపోతే వదిలేయండి.

పాతకాలపు క్లాస్ డి యాంప్‌లలో ఒక చిక్కు ఉండేది. చివర్లో ఉండే ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్‌కు (అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో పోల్చి తప్పులు సరిదిద్దే ఏర్పాటుకు) బయట ఉండేది కాబట్టి, స్పీకర్ ఇంపెడెన్స్ (ఓముల లెక్క) మారితే పై ఫ్రీక్వెన్సీల్లో స్వరం మారిపోయేది. ఇంజనీర్ బ్రూనో పుట్జేస్ ఫిలిప్స్‌లో ఉండగా రూపొందించిన యూసీడీ పద్ధతి, ఆ తరువాత హైపెక్స్‌లో చేసిన ఎన్‌కోర్, ఫిల్టర్ దాటిన తరువాతి సిగ్నల్‌ను ఫీడ్‌బ్యాక్‌లోకి తీసుకుని ఈ చిక్కును తీర్చాయి. 2019లో వచ్చిన ప్యూరిఫై 1ఈటీ400ఏ అదే మనిషి చేతి పని కొనసాగింపు. ఈ తరం మాడ్యూళ్ళు వాడే యాంప్‌ల మధ్య వినికిడి తేడా వెతకడం శ్రమ దండగ అని నా అభిప్రాయం. బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ కంపెనీలో పుట్టిన ఐస్‌పవర్‌వి కూడా ఇళ్ళలో నిశ్చింతగా వాడదగినవే. వాటిలో మోడల్‌ని బట్టి తేడాలు ఎక్కువ కాబట్టి డేటాషీట్ చదివి ఎంచుకోవాలి.

డేటాషీట్‌లో 4 ఓములకు, 8 ఓములకు పవర్ విడివిడిగా, ఏ డిస్టార్షన్ దగ్గర కొలిచారో చూడండి. బిల్డర్ ప్రకటనలోని అంకె డేటాషీట్‌లో ఉన్నదానికన్నా పెద్దగా ఉంటే సంగతి అర్థమైపోతుంది.

సంప్రదాయ పద్ధతి క్లాస్ ఏబీ యాంప్‌లు చేసే చిన్న బిల్డర్లూ ఉన్నారు. ఏడు ఛానెళ్ళ ఏబీ యాంప్ అంటే బరువు, వేడి, ఊరికే ఉన్నప్పుడూ వంద వాట్లకు పైగా కరెంటు ఖర్చు. రవాణాలో ట్రాన్స్‌ఫార్మర్ బరువుకే పెట్టె వంగే ప్రమాదం ఉంది. స్టీరియోకైతే వేరే సంగతి. ఇన్ని ఛానెళ్ళకు నేనైతే సలహా ఇవ్వను.

3. గెయిన్: అందరూ దాటవేసేదీ, అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ

యాంప్ పూర్తి పవర్ ఇవ్వాలంటే రిసీవర్ ప్రీ-అవుట్ (బయటి యాంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) నుంచి ఎన్ని వోల్టులు రావాలో నిర్ణయించేది గెయిన్. 8 ఓములకు 150 వాట్లంటే స్పీకర్ దగ్గర 34.6 వోల్టులు. గెయిన్ 26 డెసిబెల్ అయితే వోల్టేజీ ఇరవై రెట్లు పెరుగుతుంది, కాబట్టి ఇన్‌పుట్‌కు 1.73 వోల్టులు చాలు. ప్యూరిఫై 1ఈటీ400ఏ మాడ్యూల్ ఒంటరిగా ఇచ్చే గెయిన్ సుమారు 13 డెసిబెలే. అలా నేరుగా వాడితే అదే పవర్‌కు దాదాపు 8 వోల్టులు కావాలి. మధ్యస్థాయి రిసీవర్ల ప్రీ-అవుట్‌లు శుభ్రంగా ఇవ్వగలిగేది ఒకటి నుంచి రెండు వోల్టులు. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) అవుట్‌పుట్‌లున్న ప్రాసెసర్లయితే, అంటే లోపల పవర్ యాంప్ లేని రిసీవర్ లాంటివైతే, నాలుగు వోల్టులు, కొన్ని అంతకన్నా ఎక్కువ ఇస్తాయి.

అందుకే బిల్డర్లు మాడ్యూల్ ముందు గెయిన్ పెంచే బఫర్ బోర్డు పెడతారు. గెయిన్ ఎక్కువైతే చింత లేదనుకోకండి. ముందున్న రిసీవర్ నుంచి వచ్చే సన్నని హిస్ కూడా అదే మేరకు పెరుగుతుంది. 100 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న హార్న్ స్పీకర్లకు 100 మైక్రోవోల్టుల నాయిస్ అంటే మీటరు దూరంలో 11 డెసిబెల్, వినబడదు. అదే 500 మైక్రోవోల్టులైతే 25 డెసిబెల్. రాత్రిపూట నిశ్శబ్దంలో దగ్గరగా కూర్చున్నవారికి తెలుస్తుంది.

రిసీవర్‌తో వాడేవారికి 26 నుంచి 29 డెసిబెల్ గెయిన్, మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ ప్రాసెసర్ ఉన్నవారికి 20 దగ్గర ఉన్నా సరిపోతుంది. వెనకాల గెయిన్ మార్చే స్విచ్ పెట్టే బిల్డర్ దొరికితే అదృష్టం. డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో కొన్నింటికి ప్రీ-యాంప్ మోడ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే లోపలి యాంప్ తప్పుకుంటుంది, ప్రీ-అవుట్ ఎక్కువ వోల్టేజీ దాకా శుభ్రంగా పనిచేస్తుంది. మీ రిసీవర్ మాన్యువల్‌లో ఒకసారి వెతకండి.

ఇక ఆ బఫర్ బోర్డుల మీద ‘ఆప్-యాంప్ (సిగ్నల్ పెంచే చిన్న చిప్) మార్చుకోవచ్చు’ అంటూ అదనపు డబ్బు అడుగుతారు. ఆ డబ్బు మిగుల్చుకోండి. పదకొండు ఛానెళ్ళకు పదకొండు ఖరీదైన చిప్‌లు కొనేవాళ్ళను చూసి బిల్డర్లు సంతోషిస్తారు, అంతే.

4. పవర్ సప్లై, ఛానెళ్ళ పంపకం

హైపెక్స్ ఎన్‌సీ252ఎంపీ లాంటి మాడ్యూల్‌లో రెండు ఛానెళ్ళు, వాటి పవర్ సప్లై ఒకే బోర్డు మీద ఉంటాయి. అలాంటివి నాలుగు పెడితే ఎనిమిది ఛానెళ్ళ యాంప్, నాలుగు వేర్వేరు సప్లైలు. ఇంకో పద్ధతిలో ఒంటి ఛానెల్ మాడ్యూళ్ళు కొన్ని కలిసి ఒక పెద్ద సప్లైని పంచుకుంటాయి. రెండూ మంచివే, కానీ ‘అన్ని ఛానెళ్ళూ ఒకేసారి నడిస్తే ఒక్కోదానికి ఎంత’ అన్న ప్రశ్నకు రెండో పద్ధతిలో జవాబు తప్పనిసరిగా కావాలి. నిజమైన సంగీతం, సినిమాల సగటు పవర్ చాలా తక్కువ. వేడి, కరెంటు పరీక్షలకు క్లిప్ కాని (సిగ్నల్ కొసలు తెగిపోని) పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతును తీసుకోవడం ఆనవాయితీ. అందుకే ఎనిమిది ఛానెళ్ళు, ఒక్కోటి 150 వాట్లు అనగానే 1200 వాట్ల సప్లై లేదని కంగారు పడక్కర్లేదు.

రెండు ఛానెళ్ళ మాడ్యూళ్ళయితే ఒక చిన్న కిటుకు. ముందు ఎడమ, కుడి, సెంటర్ మూడింటినీ మూడు వేర్వేరు మాడ్యూళ్ళకు ఇవ్వండి. వాటిలో మిగిలిన సగాలకు సరౌండ్‌లో సీలింగ్ స్పీకర్లో కలపండి. పేలుడు దృశ్యంలో ముందు ఛానెళ్ళు ఒకేసారి లాగినా ఒక్కో సప్లై మీద ఒకే పెద్ద బరువు పడుతుంది. వెనకాల ఏ రెండు టెర్మినళ్ళు ఒక మాడ్యూల్‌వో బిల్డర్‌ని అడిగి కాగితం మీద రాసిపెట్టుకోండి.

బ్రిడ్జ్ చేసిన (రెండింటిని కలిపి ఒకటిగా నడిపే) ఛానెల్ ఏదైనా ఉంటే దాని మైనస్ టెర్మినల్ కూడా లైవే. దాన్ని ఎర్త్‌కు గానీ, ఇంకో ఛానెల్ మైనస్‌కు గానీ తగలనివ్వకూడదు. స్పీకర్ సెలెక్టర్ పెట్టెలు, సబ్‌వూఫర్ హై-లెవెల్ ఇన్‌పుట్‌లు (స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకునేవి) వాడేవారు ఈ సంగతి బిల్డర్‌కు ముందే చెప్పాలి.

ఆన్ కావడానికి 12 వోల్ట్ ట్రిగ్గర్ (రిసీవర్ ఆన్ అయితే యాంప్‌నూ ఆన్ చేసే తీగ) ఉండాలి. సిగ్నల్ వస్తే దానంతట అదే ఆన్ అయ్యే రకం స్టీరియోకు పర్లేదు గానీ, సరౌండ్ ఛానెళ్ళు నిమిషాల తరబడి మౌనంగా ఉండే సినిమాల్లో చికాకు పెడుతుంది.

5. పై మూత తీసిన ఫోటో అడగండి

అసలు పరీక్ష ఇక్కడే. ముందు ప్యానెల్ ఎంత అందంగా ఉందో చూపే ఫోటోలు ఎవరైనా పెడతారు. మీ మోడల్‌ను మూత తీసి, పైనుంచి, స్పష్టంగా తీసిన ఫోటో పంపమనండి. ఇష్టపడి పంపేవాడు సగం పాసైనట్టే.

మొదట కరెంటు తీగ వచ్చి కలిసే సాకెట్ వైపు చూడండి. అక్కడి నుంచి బయలుదేరే ఆకుపచ్చ-పసుపు ఎర్త్ వైరు చివర రింగు టెర్మినల్ నొక్కి ఉండాలి. అది పెట్టెకు బోల్టుతో బిగిసి ఉండాలి. ఆ బోల్టు ఎర్త్ కోసమే ఉండాలి, మాడ్యూల్‌ను పట్టి ఉంచే మరతోనే కానిచ్చేయకూడదు. బోల్టు కింద పళ్ళున్న వాషర్ ఉందా, చుట్టూ పెయింట్ గీకి లోహం బయటపెట్టారా అన్నది జూమ్ చేసి చూడండి. అల్యూమినియం పెట్టెల మీద ఉండే ఆనోడైజ్ పూత కరెంటును పారనివ్వదు. పూత మీదే బిగిస్తే ఎర్త్ ఉన్నట్టు కనబడుతుంది, ఉండదు. మూతకూ, పక్క పలకలకూ కూడా లోహం లోహానికి తగిలే దారి ఉండాలి.

తరువాత కరెంటు వైర్లు. టంకం వేసిన చోట్ల స్లీవ్ ఉందా, స్పేడ్ కనెక్టర్లు గట్టిగా కూర్చున్నాయా, ఫ్యూజు ఉందా. వైర్లు పురి పెట్టి, ఇన్‌పుట్ సిగ్నల్ తీగలకు దూరంగా వేరే అంచున వెళ్ళాలి. రెండూ ఒకే కట్టలో టై వేసి ఉంటే హమ్‌కు (స్పీకర్లో గుయ్‌మనే శబ్దానికి) మీరే ఆహ్వానం పలికినట్టు. మాడ్యూళ్ళు అడుగు పలకకు నేరుగా బిగిసి ఉన్నాయా చూడండి. చాలా వాటికి ఆ పలకే హీట్‌సింక్. పలక పల్చటి రేకైతే వేడి పోదు.

ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ దగ్గర ఇంకో సూక్ష్మం ఉంది. పిన్ 1 పొట్టి తీగతో నేరుగా పెట్టెకు చేరాలి, లోపలి సర్క్యూట్ గ్రౌండ్ గుండా తిరిగి కాదు. 1995లో నీల్ మన్సీ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఈ తప్పు వల్ల వచ్చే గుయ్‌మనే శబ్దం గురించి వివరంగా రాశాడు. సరైన పద్ధతిని అదే సొసైటీ 2005లో ఏఈఎస్48 అనే ప్రమాణంగా స్థిరపరిచింది. అయినా ఈ పొరపాటు చేసేవాళ్ళు ఇప్పటికీ తగులుతారు.

భద్రతా ముద్రల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. మాడ్యూల్‌కు సర్టిఫికెట్ ఉంటే పూర్తి యాంప్‌కు ఉన్నట్టు కాదు. ఆడియో వీడియో పరికరాలకు వర్తించే ప్రమాణం ఐఈసీ 62368-1. పూర్తి పెట్టెను దాని ప్రకారం పరీక్షించారా అని అడిగితే చాలామంది చిన్న బిల్డర్లు నసుగుతారు. ‘పూర్తి సర్టిఫికేషన్ లేదు, ప్రతి యూనిట్‌కూ ఎర్త్ కంటిన్యుటీ, ఇన్సులేషన్ పరీక్ష చేసి కాగితం ఇస్తాను’ అనేవాడు నిజాయితీపరుడు. అది మీకు సరిపోతుందా అన్నది, ముఖ్యంగా ఇంటి బీమా ఉన్నవారు, ఆలోచించుకోవాలి.

6. బిల్డర్‌కు ఇలా రాయండి

ముక్కలు ముక్కలుగా పది సందేశాలు పంపే బదులు ఒకే ఉత్తరం మేలు. నమూనా ఇదిగో:

‘నమస్కారం అండి. 7.1.4 ఏర్పాటు కోసం మీ యాంప్‌ల గురించి అడుగుతున్నాను. రిసీవర్ ప్రీ-అవుట్‌లు ఆర్‌సీఏ (మధ్య పిన్ను, చుట్టూ రింగు ఉండే మామూలు రకం), రెండు వోల్టుల దాకా ఇస్తాయి. ముందు స్పీకర్లు 4 ఓములు, మిగతావి 8. మా దగ్గర కరెంటు 230 వోల్టులు. ఏ మాడ్యూల్, గెయిన్ ఎంత, మార్చుకోవచ్చా? అన్ని ఛానెళ్ళూ నడిచేటప్పుడు పవర్ ఎంత? లోపలి ఫోటో పంపగలరా? పంపే ముందు ఏ పరీక్షలు చేస్తారు, ఆ ఫలితాలు ఇస్తారా? ఒక ఛానెల్ పోతే పూర్తి యాంప్ వెనక్కి పంపాలా, లేక మాడ్యూల్ పంపిస్తే ఇక్కడ మార్పించుకోవచ్చా?’

జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నది పెద్దగా పట్టించుకోకండి. ఒక్కడే పనిచేసేవాడు పగలంతా బెంచీ దగ్గరుంటాడు. ప్రతి ప్రశ్నకూ జవాబుందా లేదా అన్నదే ముఖ్యం. గెయిన్ గురించి అడిగితే ‘అన్ని రిసీవర్లతోనూ బాగా పనిచేస్తుంది’ అని వస్తే మరొకర్ని వెతుక్కోండి.

7. డబ్బు, గడువు, వారంటీ

ఆర్డర్ వచ్చాకే తయారుచేయడం ఇక్కడ మామూలు, వారాల గడువు సహజం. అడ్వాన్సు కొంత, పూర్తయిన ఫోటో చూశాక మిగతాది అన్న ఏర్పాటుకు ఒప్పుకుంటే మంచిది. మొత్తం ముందే కట్టాల్సి వస్తే, వివాదం వచ్చినప్పుడు డబ్బు వెనక్కి అడిగే వీలున్న కార్డు ద్వారానే కట్టండి. దేశం దాటి తెప్పించుకుంటుంటే సుంకం ఎవరిది, వారంటీ రిపేరుకు రానుపోను రవాణా ఎవరిదన్నది రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది చాలామంది మరిచిపోతారు.

వర్క్‌షాపు మూతపడితే ఏమిటి? మాడ్యూల్ ఆధారిత యాంప్‌కు ఇక్కడ కొంత ధైర్యం ఉంది, బోర్డు మార్చితే మళ్ళీ కొత్తదే. కానీ హైపెక్స్ తన మాడ్యూళ్ళలో కొన్నింటిని తయారీ కంపెనీలకే అమ్ముతుంది, విడిగా మనకు అమ్మదు. అవి మరో బిల్డర్ ద్వారానే తెప్పించుకోవాలి. అందుకే నలుగురూ వాడే మాడ్యూల్‌ను ఎంచుకోవడంలో తెలివి ఉంది.

8. పెట్టె చేతికి వచ్చాక

తీగలేవీ కలపకముందే మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. లోపల ఏదైనా దొర్లిన చప్పుడు వస్తే స్విచ్ వేయవద్దు, బిల్డర్‌కు చెప్పండి. వెనక వోల్టేజీ గుర్తు మీ ఇంటి కరెంటుతో సరిపోయిందో చూడండి. కొన్ని మాడ్యూళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి, కొన్నింటిలో జంపర్ మార్చాలి.

మల్టీమీటర్ ఉంటే రెండు నిమిషాల పని. ప్లగ్ గోడకు పెట్టకుండానే, యాంప్ వెనక ఉన్న కరెంటు సాకెట్‌లోని ఎర్త్ పిన్‌కూ పెట్టె మీద ఉన్న మరకూ మధ్య రెసిస్టెన్స్ చూడండి. మీటర్ తీగల సొంత రెసిస్టెన్స్ తీసేశాక 0.1 ఓము అటూ ఇటూగా ఉండాలి. తరువాత ఇన్‌పుట్‌లు, స్పీకర్లు ఏవీ లేకుండా ఆన్ చేసి ఒక్కో ఛానెల్ అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజీ కొలవండి. కొన్ని మిల్లీవోల్టులు మామూలే. వంద దాటితే స్పీకర్ కలపవద్దు.

మొదట పాత స్పీకర్ ఒకటి తీసుకుని ఛానెల్ తరువాత ఛానెల్ తక్కువ వాల్యూమ్‌లో వినండి. అన్నీ సరే అనుకున్నాకే ఖరీదైనవి కలపండి. హమ్ వస్తే ముందు ఇన్‌పుట్ తీగలన్నీ పీకేయండి. పోయిందంటే చాలావరకు యాంప్‌ది తప్పు కాదు, గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య తీగల ద్వారా కరెంటు తిరగడం). ఆర్‌సీఏ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కు వెళ్ళే తీగ సరైనదైతే ఇది చాలావరకు తగ్గుతుంది. లోపల రెండు తీగలు, పైన షీల్డ్ ఉన్న కేబుల్ తీసుకుని, ఆర్‌సీఏ మధ్య పిన్నును పిన్ 2కు, ఆర్‌సీఏ బయటి రింగును పిన్ 3కు కలపాలి. షీల్డ్ ఒక చివర పిన్ 1కు, రెండో చివర ఆర్‌సీఏ రింగుకు చేరాలి. దుకాణాల్లో దొరికే చాలా తీగల్లో పిన్ 1, పిన్ 3 యాంప్ చివరే కలిపేసి ఉంటాయి, దాంతో బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు తీగల మధ్య తేడానే సిగ్నల్‌గా తీసుకుని హమ్‌ను తోసిపుచ్చేది) ఉన్న లాభమే పోతుంది. హమ్ పోవడం కోసం ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళ మాట మాత్రం ఎప్పుడూ వినకండి.

చివరగా రిసీవర్‌లో ఆడిసీ, డిరాక్ లాంటి (మైక్‌తో గదిని కొలిచి స్పీకర్లను సర్దే) కాలిబ్రేషన్ మొదటి నుంచి మళ్ళీ నడపాలి. కొత్త యాంప్ గెయిన్ పాతదానితో కలవదు కాబట్టి పాత లెవెళ్ళు ఇక పనికిరావు. అయ్యాక స్పీకర్ లెవెళ్ళ పేజీ తెరిచి చూడండి. ఏదైనా ఛానెల్ మైనస్ 12 డెసిబెల్ దగ్గర నిలబడి ఉంటే అది ఇంకా కిందికి పోవాలనుకుని హద్దుకు తగిలి ఆగిపోయిందన్నమాట. అప్పుడు యాంప్ వెనక స్విచ్‌తో గెయిన్ తగ్గించి, లేదంటే ఆ ఛానెళ్ళ ఇన్‌పుట్‌కు అటెన్యూయేటర్లు (సిగ్నల్ తగ్గించే చిన్న ముక్కలు) పెట్టి, మళ్ళీ కాలిబ్రేట్ చేయండి.